టవర్ని వాఘా దాటిద్దాం

గుంటూరు నగరానికి ఎన్ని సమస్యలున్నా అన్నిటికీ మూలం ఒక్కటేనని ఎప్పుడో తేలిపోయింది కాబట్టి ఆ చర్చలోకి మళ్ళీ వెళ్ళను. ఆ మూలం ఆరు స్తంభాలతో, పైన గుమ్మటంతో మహాత్మా గాంధీ రోడ్డు మీద నిలబడి ఉంది. పేరు జిన్నా టవర్. దేశం ఇంకా ఒకటిగా ఉన్న 1940లలో కట్టారు. గాంధీ రోడ్డు మీద జిన్నా టవరేమిటని చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు. బతికుండగా ఒకే మాట మీద కలిసి నిలబడని ఆ ఇద్దరు పెద్దమనుషులు కనీసం గుంటూరులో ఒక రోడ్డు మీదైనా నిలబడ్డారు కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ దేశభక్తిలో సరిపెట్టుకోవడం అనేది ఉండదు.

జిన్నా నేరం ఏమిటో అందరికీ తెలుసు: దేశాన్ని చీల్చాడు. అంతకుముందు 1916లో కాంగ్రెస్‌కీ ముస్లిం లీగ్‌కీ మధ్య లక్నో ఒప్పందం కుదిర్చిన వాళ్ళలో ముఖ్యుడు ఆయనేననీ, అదే ఏడాది రాజద్రోహం కేసులో తిలక్ తరఫున వాదించి గెలిచాడనీ పుస్తకాల్లో ఉంటుంది. ఉండనివ్వండి. పుస్తకాల జోలికి పోతే ఏమవుతుందో పెద్దవాళ్ళను చూసి నేర్చుకోవాలి. 2005లో అద్వానీగారు కరాచీ వెళ్ళి జిన్నా సమాధి దగ్గర నాలుగు మంచి మాటలు రాసి వచ్చి, పార్టీ అధ్యక్ష పదవి పోగొట్టుకున్నారు. 2009లో జశ్వంత్ సింగ్‌గారు జిన్నా మీద ఏకంగా పుస్తకమే రాసి పార్టీలోంచే బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ట్వీటు వేసుకుంటే ఈ బాధ ఉండదు. చదవక్కర్లేదు, చదివించక్కర్లేదు.

అందుకే 2021 డిసెంబరు ఆఖర్లో బీజేపీ నాయకులు ఆ మార్గం పట్టారు. ఏడు దశాబ్దాలుగా నడిరోడ్డు మీద ఉన్న కట్టడం వాళ్ళకు అప్పుడే కనపడింది. కలాంగారి పేరో, గుర్రం జాషువాగారి పేరో పెట్టాలని కొందరు, అసలు కూల్చేయాలని కొందరు పట్టుబట్టారు. జాషువా వినుకొండవాడు. కులం పేరుతో పడ్డ అవమానాలన్నీ పద్యాల్లో పెట్టిన మహాకవి. అలాంటి కవి పేరు ఇంతకాలానికి పెద్దలకు ఎప్పుడు గుర్తొచ్చిందంటే, ఇంకొకాయన పేరు చెరిపితే ఖాళీ అయ్యే చోట రాయడానికి. ఆయన బతికుంటే ఈ సన్మానం మీద ఒక సీసపద్యం వచ్చి ఉండేది. మన అదృష్టం బాగుంది, లేరు.

ఆ వెంటనే 2022 రిపబ్లిక్ డే వచ్చింది. టవర్ మీద జాతీయ జెండా ఎగరేస్తామని హిందూ వాహిని కార్యకర్తలు బయల్దేరారు. పోలీసులు పట్టుకెళ్ళారు. జనవరి 26న జెండా పట్టుకున్నందుకు మనిషిని స్టేషన్లో కూర్చోబెట్టాల్సి రావడం ఎంత టెన్షనో ఆలోచించండి! వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 1న, టవర్‌కి మూడు రంగులు వేశారు. 3వ తేదీన హోంమంత్రి సుచరితగారు వచ్చి అక్కడే జెండా ఎగరేశారు. పేరు మార్చలేదు, కూల్చలేదు, ఉన్నదున్నట్టు వదిలేయనూ లేదు. రంగేశారు. నాటి వైసీపీ ప్రభుత్వానికి ఈ విద్యలో అనుభవం తక్కువేం కాదు. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేసి, 2020లో హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు చెబితే గానీ చెరపలేదు. ఈసారి వేసినవి జాతీయ జెండా రంగులు కాబట్టి చెరపమనే ధైర్యం ఏ కోర్టుకీ రాదు. బొంబాయి బారిస్టరు జిన్నా త్రివర్ణం కప్పుకున్నాడు, రెండు పక్షాలూ గెలిచాయి.

2024లో బీజేపీ రాష్ట్ర ప్రభుత్వంలో భాగస్వామి అయింది. ఇక టవర్ పని అయిపోయినట్టేననుకున్నవాళ్ళు రాజకీయం తెలియనివాళ్ళు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అర్జెంటుగా అనిపించిన చరిత్ర అధికారంలోకి రాగానే నిదానిస్తుంది.

సూత్రం అంటే అందరికీ ఒకటే ఉండాలని మొండికేసేవాళ్ళ కోసం ఒక మాట. గుంటూరులో అరండల్‌పేట ఉంది, బ్రాడీపేట ఉంది. రెండూ దొరల పేర్లే. వాళ్ళ మీద ఇంతవరకు ఎవరూ జెండా పట్టుకుని బయల్దేరలేదు. బ్రాడీపేట నాలుగో లైనులో స్థలం ఉన్నవాడి దేశభక్తి రిజిస్ట్రేషన్ కాగితం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అది న్యాయమే. ఇక నాజ్ సెంటర్‌కి పేరు సినిమా హాలు ఇచ్చింది, శంకర్ విలాస్ సెంటర్‌కి హోటల్ ఇచ్చింది. సెంటర్ కావాలంటే ఊరికి మహాపురుషుడు అక్కర్లేదు, ఆటో ఆగితే చాలు. 1965 యుద్ధంలో ప్రాణాలిచ్చిన పరమవీర చక్ర అబ్దుల్ హమీద్ పేరు ఈ టవర్‌కి పెట్టాలని 1966లోనే ఒక ప్రయత్నం జరిగింది. ఆటోవాళ్ళు ఒప్పుకోలేదు కాబోలు.

ఇంకో సంగతి. 2018లో ఆనందపేటలో కుళాయి నీళ్ళలో మురుగు కలిసి, అతిసారం సోకి జనం చనిపోయారు. అప్పుడూ టవర్ అక్కడే ఉంది. దాన్ని కూల్చాలని ఎవరికీ తట్టలేదు, పైపులు మార్చమని గొడవ చేశారు. పైపుల గొడవలో లాభమేముంది? పైపుకు పేరుండదు, దాని మీద ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. దాన్ని చూపించి పక్క రాష్ట్రం నుంచి నాయకుణ్ణి రప్పించలేం.

నా ప్రతిపాదన ఇది. టవర్ని ఎగుమతి చేద్దాం. దీనికి ముందు ఉదాహరణ ఉంది. లాహోర్‌లో ఉండిన లాలా లజపతిరాయ్ విగ్రహం దేశ విభజన తర్వాత సిమ్లా చేరి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ బాకీ మనం తీర్చుకోవాలి. ముక్కలకు నంబర్లు వేసి విప్పడం, మిర్చి యార్డు లారీల్లో ఎక్కించడం, వాఘా దాటించడం. పాకిస్థాన్ వాళ్ళూ సంతోషిస్తారు, వాళ్ళదీ మన జబ్బే. లాహోర్‌లో లక్ష్మీ చౌక్‌కి మౌలానా జఫర్ అలీ ఖాన్ చౌక్ అని ప్రభుత్వం పేరు పెట్టింది, జనం మాత్రం లక్ష్మీ చౌక్ అనే అంటున్నారు. ఆ చౌక్‌లో మన టవర్ నిలబెడితే జిన్నా సంతకంతో లక్ష్మి పేరు మారిపోతుందేమో, వాళ్ళు ప్రయత్నించుకోవచ్చు.

చిక్కు ఒక్కటే. 2025 ఏప్రిల్ నుంచి వాఘాకి ఇవతల, మనవైపు ఉన్న అట్టారీ దారి మూసేశారు. అది తెరిచేదాకా టవర్‌కి కంచె, కానిస్టేబుల్, రెండేళ్ళకోసారి మూడు రంగుల పెయింటు తప్పవు. ఆ పెయింటు ఖర్చు ఏ పద్దులో రాయాలన్నది కార్పొరేషన్ వాళ్ళు తేల్చుకోవాలి. తాగునీటి పద్దులో వద్దు, అందులో ఇప్పటికే ఏమీ లేదు.