వంద గంటల లెక్కలో ఇంజిన్ ఖర్చు ఏది?
అమెరికాలో ఏడాదికి వంద గంటలు ఎగిరితే చాలు, అద్దె విమానం కంటే సొంత సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) చవక అన్న వ్యాసం లెక్కతో ఏకీభవించలేను. అందులో హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు), ఇన్సూరెన్స్, ఇంధనం, యాన్యువల్ (ఏటా చేయించాల్సిన) తనిఖీ ఉన్నాయి గానీ ఇంజిన్ ఓవర్‌హాల్‌కి, అంటే పూర్తిగా విప్పి బాగుచేయించడానికి, పక్కన పెట్టాల్సిన సొమ్ము లేదు. పాత 172ల్లోని లైకమింగ్ ఓ-320 ఇంజిన్‌కి కంపెనీ సూచించే ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. ఓవర్‌హాల్‌కి 36,000 డాలర్లు అనుకుంటే, 2,000 గంటలూ ఎగిరినప్పుడు గంటకు 18 పడుతుంది. ఏడాదికి 50 గంటలే ఎగిరితే 12 ఏళ్లకు 600 గంటలు, అంటే గంటకు 60. సొంత వాడకానికి ఆ గడువు చట్టప్రకారం తప్పనిసరి కాదు, నిజమే. కానీ నిలబెట్టిన ఇంజినే త్వరగా పాడవుతుంది. వీటిలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కు (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీకి) పైన ఉంటుంది; వారాల తరబడి కదపకపోతే ఆయిల్ కిందికి జారిపోయి, క్యామ్ లోబ్‌లకు (ఆ కడ్డీ మీది ఉబ్బులకు) తేమ తగిలి తుప్పు పడుతుంది, ఆపైన అరుగుదలే. నేల మీద కాసేపు స్టార్ట్ చేసి ఆపేస్తే మరీ చేటు: ఆయిల్ తగినంత వేడెక్కక నీరు అందులోనే మిగిలిపోతుంది. ఇంకో మాట, యాన్యువల్ రేటు తనిఖీకే. అందులో బయటపడ్డ లోపాల రిపేరు బిల్లు వేరు, చాలాసార్లు అదే పెద్దది. తక్కువ ఎగిరేవాళ్లకు ముగ్గురు కలిసి కొనుక్కోవడమే మేలు; ఖర్చూ పంచుకోవచ్చు, ఇంజినూ తిరుగుతూ ఉంటుంది.