బ్యారేజీ దిగువన ఇసుక మాయం

రిటైరైన ఇంజనీరుకి పని లేకపోతే ఇంట్లోవాళ్ళందరికీ చేతినిండా పని ఉంటుంది. మా బాబాయి ఇరిగేషన్లో డి.ఈ.గా రిటైరయ్యాక కొంతకాలం అపార్ట్‌మెంటు నీళ్ళ ట్యాంకు మీద బతికాడు. మోటారు ఎప్పుడు వెయ్యాలో, వాల్వు ఎంత తిప్పాలో, ఏ ఫ్లాటువాళ్ళు కుళాయి కట్టకుండా నిద్రపోయారో, అన్నీ ఒక రిజిస్టర్లో ఎక్కించేవాడు. అసోసియేషన్ వాళ్ళు ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని, చందాలు వేసుకుని మరీ ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టించారు. దాంతో ఆయనకి రెండోసారి రిటైర్మెంటు అయింది.

సరిగ్గా ఆ ఖాళీలోనే లెగో పెట్టె ఆయన కంటపడింది.

డల్లాస్‌లో ఉండే మా చెల్లెలు ఇక్కడికి వచ్చినప్పుడల్లా కూతురు ఆడుకుంటుందని మోసుకొచ్చిన ప్లాస్టిక్ ఇటుకలవి. కొన్ని కొన్నవి, చాలావరకు అక్కడి గరాజ్ సేల్స్‌లో తూకానికి తెచ్చినవి. వెళ్ళేటప్పుడు సూట్‌కేసుల్లో ఆవకాయకీ సున్నుండలకీ చోటు కావాలి కాబట్టి ఇటుకలు ఇక్కడే ఉండిపోయేవి. అటక సర్దుతూ పిన్ని వాటిని కిందికి దింపి, ఎవరికైనా ఇచ్చేద్దామంది. బాబాయి కళ్ళజోడు సవరించుకుని పెట్టె మీది అక్షరాలు చదివాడు.

"4 నుంచి 99 ఏళ్ళ వరకు అని రాశాడు చూడు. నాకు అరవై ఎనిమిది. ఇంకా ముప్పై ఒక్కేళ్ళ సర్వీసుంది" అన్నాడు.

ఆ రోజు నుంచి భోజనాల బల్ల మీద భోజనాలు ఆగిపోయాయి. బాబాయి ఊరికే కట్టే మనిషి కాదు, ముందు చదువుకున్నాడు. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఒక వడ్రంగి 1932లో మొదలుపెట్టిన కంపెనీ అని, ఇప్పుడున్న ఇటుకకి 1958లో పేటెంట్ పెట్టారని, అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకలో టక్కున కూర్చుంటుందని చెప్పాడు. "ఒరేయ్, అరవై ఏళ్ళు దాటినా కొలత మారలేదురా. మనకి పోయిన వారం కొన్న పైపు ఈ వారం కొన్న సాకెట్‌లో పట్టదు" అని నా వైపు చూశాడు, ఆ సాకెట్ నేనే తయారు చేసినట్టు.

బొడిపెకీ బొడిపెకీ మధ్య 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6. పలక మందం 3.2. మూడు పలకలు ఒక ఇటుక. పెరుగన్నం కలుపుతూ ఆయన ఇవి వల్లిస్తుంటే, పిన్ని ఊరగాయ వడ్డిస్తూ ఊఁ కొట్టేది. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని ఒక రాత్రి ప్రకటించాడు.

"అన్ని రకాల్లో మన షోకేసులో పట్టేది ఒక్కటైనా ఉందేమో చూడండి" అంది పిన్ని.

షోకేసు ఆయన స్థాయికి చాలదు. సంక్రాంతి వస్తోంది, పిన్ని బొమ్మల కొలువు పెడుతుంది. వాళ్ళమ్మ ఇచ్చిన కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి, ఏటికొప్పాక లక్కపిడతలు అన్నీ మెట్ల మీద తీరుస్తుంది. బెజవాడలో కొలువు, అందులో కొండపల్లి ఉంది, మరి కృష్ణ ఏదీ? కృష్ణ ఉంటే బ్యారేజీ ఏదీ? ఇదీ బాబాయి లాజిక్కు. పిన్ని ఒప్పుకుందని నేను చెప్పలేను. ఆవిడ అరిసెల పాకం మీద ఉండగా అడిగి, ఆవిడ తలెత్తకపోవడాన్ని పరిపాలనా అనుమతిగా రాసుకున్నాడు.

ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్ల చిల్లర. లెగో బొమ్మ మనిషి ఎత్తు 4 సెంటీమీటర్లు. ఆ మనిషి నడిచి వెళ్ళే కొలతలో కట్టాలంటే బ్యారేజీ 29 మీటర్లు రావాలి. అంటే మా బాబాయి హాల్లో సీతానగరం ఒడ్డున బయలుదేరి, గుమ్మం దాటి, లిఫ్టు పక్కనుంచి వెళ్ళి, ఎదురు ఫ్లాటు వంటింట్లో ఎక్కడో బెజవాడ చేరుతుంది. ఎదురింటావిడని అడిగి చూద్దామా అన్నాడు. నేను వద్దన్నాను.

చివరికి గేటుకి రెండు బొడిపెలు, పక్క స్తంభానికి ఒకటి లెక్కన గేటుకి 24 మిల్లీమీటర్లు తేల్చాడు. గేట్లు డెబ్బై. మొత్తం 1680 మిల్లీమీటర్లు, అయిదున్నర అడుగులు. పిన్ని కొలువు మెట్టు అయిదడుగులే.

"ఓ ఏడు గేట్లు తీసెయ్యండి. పేరంటానికి వచ్చినవాళ్ళు గేట్లు లెక్కపెడతారా?"

"ఇరిగేషన్ వాళ్ళ భార్యలు వస్తే?"

మిగిలిన అర అడుగుకీ పక్కన పీట వేశారు.

అసలు తలనొప్పి బూడిద రంగుతో వచ్చింది. 2004 ప్రాంతంలో ఆ కంపెనీ తన బూడిద రంగుని కొద్దిగా మార్చింది, కొత్తదాంట్లో నీలం ఛాయ ఉంటుంది. తూకానికి తెచ్చిన సరుకులో పాతా కొత్తా కలిసిపోయాయి. సగం కట్టాక పగటి వెలుతుర్లో చూస్తే బ్యారేజీ నలభయ్యో గేటు దగ్గర రంగు మారింది. ఇంకొకరైతే వదిలేస్తారు. బాబాయి మాత్రం కాంట్రాక్టరు సిమెంటు బ్రాండు మార్చాడని పట్టుకున్నంత కోపంగా మొత్తం విప్పించాడు. విప్పడానికి నారింజ రంగు ప్లాస్టిక్ మీట ఒకటి ఉంటుంది. అది కనబడకపోతే ఇల్లంతా వెతికాం. వంటింట్లో దొరికింది. కారప్పొడి డబ్బా మూత తియ్యడానికి దాన్ని మించింది లేదని పిన్ని అప్పటికే కనిపెట్టేసింది.

"ఇంత పాట్లెందుకు, కొండపల్లి వాళ్ళలాగా మక్కు పెట్టి అతికించెయ్యండి" అని కూడా అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. తెల్లపొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు కాబట్టే, ఆవిడ అమ్మగారి ఏనుగుకి ఇన్నేళ్ళయినా తొండం ఊడలేదు. కానీ డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో మనవరాలు తీర్పిచ్చింది: "నో గ్లూ తాతయ్యా. గ్లూ పెడితే చీటింగ్." పై అధికారి నోటిమాటగా ఇచ్చిన ఆర్డరు. బాబాయి నోట్ చేసుకున్నాడు.

భోగి పొద్దుటికి బ్యారేజీ లేచింది. ఒప్పుకోవాలి, బాగుంది. డెబ్బై గేట్లూ, మీద రోడ్డూ, దీపస్తంభాలూ, ఒక చివర ఏలూరు కాలువ, బందరు కాలువ మొదళ్ళూ. రోడ్డు మీద ఓ పది మంది బొమ్మ మనుషులు. పిన్ని వంగి చూసి, "మొహాలకి పసుపు రాసుకున్నారు, వీళ్ళు కూడా పేరంటానికేనా?" అంది. ఎగువన నీళ్ళకి పారదర్శకమైన నీలం పలకలు పరిచాడు. దిగువన జనవరిలో నీళ్ళుండవు, ఇసుక తేలి ఉంటుంది. ఆ ఇసుక కోసం గుండ్రటి బుల్లి బిళ్ళలు వాడాడు. ఒక్కొక్కటీ ఒక బొడిపెంత. లేత ఇసుక రంగువి కొన్ని, ముదురు ఇసుక రంగువి ఎక్కువ. నది ఇసుక ఎక్కడా ఒకే రంగులో ఉండదట. వాటిని అతికించలేదు, ఊరికే పోశాడు. "పారే నదిలో ఇసుక బిగించి ఉంటుందా?" అన్నాడు. పొయ్యగా మిగిలినవి, గాలికి చెదిరితే మళ్ళీ పొయ్యడానికని, ఒక స్టీలు గిన్నె నిండా తీసి కొలువు మూల ఉంచాడు.

ముదురు ఇసుక రంగు బుల్లి బిళ్ళ ట్యూబులైటు కింద చూడటానికి ఎలా ఉంటుందో, నానబెట్టిన శనగ తెలిసిన ఏ తెలుగు ఆడకూతుర్ని అడిగినా చెబుతుంది.

సంక్రాంతి సాయంత్రం పేరంటం. పిన్ని అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు, బ్యారేజీ వార్త అపార్ట్‌మెంటు దాటి వీధిలోకి పాకింది మరి. హాల్లో హారతి పాట, పిల్లల కేకలు, ఫొటోలు. ఒకావిడ నిజంగానే గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బాబాయి పిన్ని వైపు విజయగర్వంతో చూశాడు. వాయనం కవర్లు కడుతున్న ఎదురింటావిడ, "వదినగారూ, శనగలు అయిపోయాయండీ" అని కేకేసింది. పిన్ని బొట్టు పెడుతూ వెనక్కి తిరక్కుండానే, "ఆ మూల గిన్నెలో ఉన్నాయి చూడండి" అంది.

ఆవిడ చెప్పింది వంటింటి మూల.

రాత్రి తొమ్మిదింటికి అందరూ వెళ్ళాక బాబాయి టార్చిలైటు వేసుకుని తనిఖీకి బయలుదేరాడు. అయిదు నిమిషాల్లో అరుపు వినబడింది.

"ఇసుక పోయింది! గిన్నెలోదే కాదు, బ్యారేజీ కింది ఇసుక కూడా సగానికి పైగా తోడేశారు!"

"కృష్ణలో ఇసుక పోవడం ఇదేమన్నా మొదటిసారా?" అంది పిన్ని, కాళ్ళ పసుపు కడుక్కుంటూ.

అప్పుడే ఫోను మోగింది. రెండో అంతస్తు ఆవిడ. "ఏమనుకోకండి పిన్నిగారూ, శనగలు ఎక్కడ కొన్నారు? గుగ్గిళ్ళు చేద్దామని ఏడు విజిళ్ళు రానిచ్చాను. కొన్ని ఉడికాయి, కొన్నిటికి చీమ కుట్టినట్టయినా లేదు. పైగా అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి."

ఇంట్లో ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత టెన్షన్ మొదలైంది. ఏ ఇంట్లో ఎవరు నములుతున్నారో తెలియదు. నేను ఫోన్లు చేస్తానంటే బాబాయి వద్దని, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ పెడతానన్నాడు. ముప్పై ఏళ్ళ డ్రాఫ్టింగ్ అనుభవం.

"యావన్మంది పేరంటాళ్ళకు ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, నేటి సాయంత్రం మా ఇంట వాయనముగా స్వీకరించిన శనగలయందు ప్రకాశం బ్యారేజీ దిగువ ఇసుక కలిసియున్నది. కావున అట్టి శనగలను ఉడికించరాదు, రుబ్బరాదు, నమలరాదు. ఇసుకను వేరుచేసి 404లో అప్పగించి రసీదు పొందగలరు."

ఇద్దరు దణ్ణం బొమ్మ పెట్టారు. ఒకాయన సంక్రాంతి శుభాకాంక్షలు అని గాలిపటం పెట్టాడు. ఇంకొకాయన "ట్రాక్టరు ఎంత పడుతుంది సార్?" అని అడిగాడు. అర్థమైనవాళ్ళు ఎవరూ లేరని తేలాక నేనూ పిన్నీ ఇంటింటికీ బయలుదేరాం.

ఎవరికీ ఏమీ కాలేదు, ముందే చెప్పేస్తున్నాను. మూడో అంతస్తు బామ్మగారు ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించి, "చప్పగా ఉందమ్మా, ఉప్పు మర్చిపోయారు" అని తీసి చేతిలో పెట్టింది. మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదని పెట్టె మీద ఉంది కానీ, ఎనభై దాటినవాళ్ళ సంగతి రాయలేదు. ఒకరింట్లో వడలకని మిక్సీలో వేశారు. మిక్సీ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. కొత్త జారు కొనివ్వాల్సి వచ్చింది. బాబాయి ఆ ఇంటిని ముంపు బాధితుల జాబితాలో మొదటి నంబరుగా చేర్చాడు. వాచ్‌మన్ భార్య తనకొచ్చిన కవరు పొద్దున్నే కనుమ కదా అని ఆవుకి పెట్టబోయిందట. ఆవు వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఆ రోజు మొత్తం మీద క్వాలిటీ కంట్రోల్ చేసింది ఆ ఒక్క ఆవే.

మధ్యాహ్నానికల్లా సరుకు తిరిగి రావడం మొదలైంది. బాబాయి బల్ల వేసుకుని కూర్చుని లెక్క రాసుకున్నాడు. కొన్ని శుభ్రంగా కడిగి ఇచ్చారు, కొన్ని పోపుతో సహా వచ్చాయి. ఏడు విజిళ్ళవి పనికిరాలేదు. ఆ ప్లాస్టిక్ నూరు డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, కుక్కర్లో వేడి నూట ఇరవై దాకా వెళుతుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడా రాకుండా పోత పోసిన సరుకు అది. ఇప్పుడు ఒక్కొక్కటీ ఒక్కో వైపు చూస్తోంది. చిత్రమేమిటంటే ఇచ్చినవాటికంటే వచ్చినవి ఎక్కువ తేలాయి. రెండుసార్లు లెక్కపెట్టాక పిన్ని వచ్చి, ఉడకని గట్టి శనగల్ని ఏరి పక్కన పెట్టింది.

ఆ తర్వాత విచారణ. డిజైన్ లోపం లేదు, మెటీరియల్ లోపం లేదు, స్టోర్సులో రెండు వేర్వేరు వస్తువులకి ఒకే రకం గిన్నె వాడటమే ప్రమాదానికి కారణం అని బాబాయి నివేదిక రాశాడు. "శనగల గిన్నెకి జోడీ గిన్నె నా అలమారలోంచి ఎవరు తీశారు?" అని పిన్ని అడిగింది. ఆ పేరా ఫైల్లోంచి మాయమైంది.

సాయంత్రం ఇసుక మళ్ళీ పోసి, ఫొటో తీసి డల్లాస్ పంపాడు. మనవరాలు పెద్దది చేసి చూసింది. బిళ్ళల అడుగున గుంట ఉంటుంది కదా, పోపుకి వెళ్ళొచ్చినవాటిలో ఒక్కో ఆవగింజ ఇరుక్కుంది, ఎంత కడిగినా రాలేదు. "వావ్ తాతయ్యా, సాండ్‌లో ఆ బ్లాక్ పెబుల్స్ ఎలా చేశావ్? సూపర్ డీటెయిలింగ్!" అంది. బాబాయి వినయంగా నవ్వి ఊరుకున్నాడు.

ఆ మెప్పుతో రాత్రి భోజనాల దగ్గర వచ్చే ఏటి ప్రణాళిక బయటపెట్టాడు. నాగార్జునసాగర్. "గేట్లు ఇరవై ఆరే. దీంతో పోలిస్తే చిన్న పని."

"ఇసుక?" అంది పిన్ని.

"అది రాతికట్టడమే, ఇసుక కనబడదు."

పిన్ని కాసేపు ఆలోచించింది. "ఏదైనా కట్టుకోండి. వచ్చే ఏడు మాత్రం శనగలూ లేవు, పెసలూ లేవు. వాయనంలోకి ఒట్టి అరటిపళ్ళే. వాటిని చూసి ప్లాస్టిక్ అని ఎవరూ పొరబడరు."

బాబాయి నోరు తెరిచాడు. ఆ పెట్టె అడుగున బొమ్మ మనుషుల చేతికి తగిలించే పసుపుపచ్చ అరటిపళ్ళు కూడా ఉన్నాయి, నేను చూశాను. బల్ల కింద ఆయన కాలు తొక్కాను.