లవంగం పేరు చివర ‘అమ్’ ఎందుకొచ్చింది?

బైపీసీ చదివినవాళ్లకు లవంగం శాస్త్రీయ నామం గుర్తుండే ఉంటుంది: సైజీజియమ్ ఆరోమాటికమ్. నేనూ బట్టీపట్టే రాశాను. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుందన్న టెన్షనే తప్ప, చివర ‘అమ్’ ఎందుకుందో మాకెవరూ చెప్పలేదు. చెప్పాలనుకుంటే పది నిమిషాల పని.

1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్టుకు పెట్టిన పేరు కారియోఫిల్లస్ ఆరోమాటికస్. తర్వాత యూజీనియా అనే ప్రజాతిలో (దగ్గరి సంబంధమున్న మొక్కల గుంపు; శాస్త్రీయ నామంలో మొదటి మాట దానిదే) చేర్చినప్పుడు అది యూజీనియా ఆరోమాటికా అయింది. 1939లో వృక్షశాస్త్రవేత్తలు మెరిల్, పెర్రీ దాన్ని సైజీజియమ్‌లోకి మార్చాక ఆరోమాటికమ్ అయింది. చెట్టు అదే, ఘాటు అదే. ముందున్న ప్రజాతి పేరు పుంలింగమైతే ‘అస్’, స్త్రీలింగమైతే ‘ఆ’, నపుంసకమైతే ‘అమ్’. లాటిన్ విశేషణం నడిచే తీరే అది. వృక్ష నామకరణ నియమావళి కూడా దీన్ని తప్పనిసరి చేసింది. లింగం కుదరకపోతే చివరను సరిదిద్దాల్సిందే.

అసలు ఈ ఆరోమాటికమ్ అన్న మాట లాటిన్‌ది కాదు. గ్రీకులో ఆరోమా అంటే సుగంధ ద్రవ్యం. దాన్నుంచి వచ్చిన విశేషణానికి ఆరోమాటికోస్, ఆరోమాటికే, ఆరోమాటికోన్ అని మూడు రూపాలు. లాటిన్ భాష ఆ మాటను గ్రీకు నుంచి అరువు తెచ్చుకుని, చివర్లు మాత్రం తనవి పెట్టుకుంది. సంస్కృత ‘రామః’ను మనం రాముడు చేసుకోలేదూ? ‘వనమ్’ వనము కాలేదూ? తత్సమాల పాఠం చదివిన తెలుగు పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

కొత్తగా తోచేది ఇంకొకటి. మన ‘మంచి’ మారదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి చెట్టు. సంస్కృతంలో మాత్రం నవః, నవా, నవమ్. లాటిన్‌లో అదే ‘కొత్త’ అన్న అర్థానికి నోవస్, నోవా, నోవమ్. రెండూ ఒకే భాషా కుటుంబానివి కాబట్టే ఈ పోలిక. బోర్డు మీద ఈ ఆరు మాటలు పక్కపక్కన రాస్తే చాలు, పిల్లల కళ్లు వెలుగుతాయి. బోటనీ మేడమ్, తెలుగు మాస్టారు కలిసి ఒక్క పీరియడ్ ఈ పాఠం చెప్పాలని నా గట్టి కోరిక.

అప్పుడు పిల్లలే ప్రశ్నలు వేస్తారు. రావిచెట్టు ఫైకస్ రెలిజియోసా కదా, ‘అస్’ పక్కన ‘ఆ’ ఎలా వచ్చింది? లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగాలు, చివర ‘అస్’ ఉన్నా సరే. మరి నేరేడు, అంటే సైజీజియమ్ క్యుమిని? యూజీనియాలో ఉన్నప్పుడూ క్యుమినియే, సైజీజియమ్‌లోకి వచ్చాకా క్యుమినియే. అది విశేషణం కాదు, షష్ఠీ విభక్తిలో ఉన్న నామవాచకం. అందుకే ప్రజాతి మారినా దాని చివర మారలేదు.