నార్మల్ అంటే ఎంత? లేబియాప్లాస్టీ గురించి ఆలోచించే ముందు

అద్దం పెట్టుకుని చూసుకున్నప్పుడు యోని లోపలి పెదవులు బయటి పెదవులు దాటి కిందకి వేలాడుతున్నట్టు కనిపిస్తే, లేదా ఒకటి పెద్దగా ఇంకోటి చిన్నగా ఉంటే, చాలామందికి నాకేదో తేడాగా ఉందేమో అని భయం పట్టుకుంటుంది. ఎవరితోనూ చెప్పుకోలేరు, అమ్మతో కూడా. ఫోన్‌లో వెతికితేనేమో లేబియాప్లాస్టీకి, అంటే ఈ లోపలి పెదవుల్ని కోసి చిన్నవి చేసే సర్జరీకి ముందు, తర్వాత అంటూ ఫొటోలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు.

అసలు నార్మల్ అంటే ఎంతో ఎవరూ చెప్పరు, నాకు కోపం వచ్చేది అక్కడే. 2005లో లండన్ డాక్టర్లు 50 మంది ఆడవాళ్లని కొలిచి ప్రచురించిన స్టడీలో లోపలి పెదవుల వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంది, అంటే ఏడు రెట్ల తేడా, అయినా అందరూ మామూలు మనుషులే. 2018లో స్విట్జర్లాండ్‌లో 650 మందికి పైగా కొలిచినా అంతే, ఇదీ నార్మల్ అని ఒక్క సైజు తేలలేదు. రెండు వైపులా సమానంగా లేకపోవడం, చుట్టూ ఉన్న చర్మం కన్నా రంగు ముదురుగా ఉండటం కూడా మామూలే.

అలాగని ఈ సర్జరీ ఎవరికీ అక్కర్లేదని నేను అనను. సైకిల్ తొక్కితే ఒరుసుకుపోయి మంట, టైట్ బట్టలు వేసుకుంటే నొప్పి, కలిసినప్పుడు పెదవి లోపలికి లాక్కుపోయి బాధ, ఇవన్నీ నిజమైన ఇబ్బందులు, వాటిని ఫ్యాషన్ పిచ్చి అని కొట్టిపారేయడం అన్యాయం. కానీ ముందు గైనకాలజిస్ట్‌కి చూపించుకోవాలి, ఎందుకంటే ఆ మంట చర్మ జబ్బు వల్లో, ఇన్ఫెక్షన్ వల్లో, మెనోపాజ్ తర్వాత హార్మోన్ తగ్గడం వల్లో కూడా రావచ్చు, అప్పుడు కోయించుకున్నా మంట పోదు. సువాసన సబ్బులు మానేసి, వదులుగా ఉండే కాటన్ లోదుస్తులు వేసుకుంటేనే సర్దుకునేవాళ్లూ ఉన్నారు.

సర్జరీ గంటా రెండు గంటల పని. ఎక్కువగా రెండు పద్ధతులు, అంచు వెంబడి ఎక్కువైన చర్మం కత్తిరించేది ఒకటి, అంచుని అలాగే ఉంచి మధ్యలో వి ఆకారంలో ముక్క తీసి కలిపి కుట్టేది ఇంకోటి. మొదటిదాంట్లో మచ్చ అంచు మీదే పడుతుంది, రెండోదాంట్లో కుట్టు విడిపోయే రిస్క్ ఉంటుంది. ఇక్కడ నరాలు చాలా ఎక్కువ, కలిసేటప్పుడు రక్తం చేరి ఉబ్బే భాగం ఇది, పైగా మూత్రద్వారాన్నీ యోని ద్వారాన్నీ కప్పి కాపాడేది కూడా ఇదే. ఎక్కువ కోసేస్తే పొడిబారడం, స్పర్శ తగ్గడం, మచ్చ దగ్గర నొప్పి మిగిలిపోవచ్చు, కోసేసింది మళ్లీ అతికించలేరు. కాబట్టి ఏ పద్ధతి, ఎంత మిగులుస్తారు, తేడా వస్తే సరిచేసేది ఎవరు, ఆ ఖర్చు ఎవరిది, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. అడిగితే విసుక్కునే డాక్టర్ దగ్గర మాత్రం చేయించుకోవద్దు.

ఇంకో మాట, దీంతో యోని బిగుతు అవ్వదు, అది వేరే సంగతి. యోనిని మళ్లీ యవ్వనంగా చేస్తాం అంటూ అమ్మే లేజర్ మెషీన్ల మీద అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరిక ఇచ్చింది, కాలిన గాయాలు, మచ్చలు, దీర్ఘకాలం నొప్పి రావచ్చని.

టీనేజ్ పిల్లల విషయంలో అయితే ఆగాల్సిందే. యుక్తవయసులో పెదవులు ఇంకా పెరుగుతుంటాయి, అందుకే బ్రిటన్ గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ 2013లోనే 18 ఏళ్ల లోపు వాళ్లకి మామూలుగా ఇలాంటి కాస్మెటిక్ సర్జరీ చేయకూడదని చెప్పింది.

అన్నీ ఆలోచించుకుని చేయించుకుంటే, మొదటి వారం కూర్చోవడమే కష్టం, మూత్రానికి వెళ్తే చురుక్కుమంటుంది, గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ వెళ్తే కొంచెం నయం. కరిగిపోయే కుట్లే వేస్తారు. దాదాపు ఆరు వారాలు సెక్స్, టాంపాన్లు (నెలసరిలో యోని లోపల పెట్టుకునేవి), సైకిల్ ఏవీ వద్దు. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది కాబట్టి రెండో వారంలో చూసుకుని బెంబేలు పడొద్దు, కానీ ఒక వైపు ఉన్నట్టుండి బాగా ఉబ్బి నొప్పి పెరుగుతున్నా, రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.