‘10,000లో ఒకటి’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘10,000లో ఒకటి’ గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నమంతా పని ముగిసి కక్ష్యలో మిగిలిన ఒక ఖాళీ రాకెట్ భాగం ఎక్కడ కూలుతుందోనని కనిపెట్టుకొని కూర్చున్నాను. సమయం ప్రకటించినవారు దాని పక్కనే ‘మూడు గంటలు అటూ ఇటూ’ అని చేర్చారు. భూమిని గంటన్నరకొకసారి చుట్టివచ్చే వస్తువు విషయంలో ఆ మాట చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చివరకు సముద్రంలో పడి ఉండవచ్చునన్న ఒక్క వాక్యంతో మమ్మల్ని సాగనంపారు. వారిని క్షమించాను. తమరిని క్షమించడమే నా వల్ల కావడం లేదు.

అంతరిక్ష సంస్థల నియమాల ప్రకారం, పైనుంచి ఒక వస్తువు కూలినప్పుడు భూమ్మీద ఎవరో ఒకరికి ప్రాణహానో గాయమో కలిగే అవకాశం తమరికి మించదని లెక్క తేలితే, దాన్ని దక్షిణ పసిఫిక్‌లోని నిర్జన జలాలకు మళ్ళించే శ్రమ అక్కరలేదట. ఎంత దయ! అయితే తమరు ఒక్కో పతనానికి విడివిడిగా పూచీ పడతారే గాని, మొత్తానికి కాదు. తమరి చీటీ పట్టుకొని నూరు వస్తువులు దిగితే ఆ అపాయం నూటికి ఒకటి అవుతుందని, వేలకొద్దీ ఉపగ్రహాలను పైకి పంపుతున్నవారికి ఎవరూ కూడిక నేర్పలేదా?

2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల సామాను పూర్తిగా కాలిపోతుందని నాసా అంచనా వేసింది; 2024 మార్చిలో అందులోని 700 గ్రాముల ముక్క ఫ్లోరిడాలో ఒక ఇంటి కప్పును చీల్చుకొని దిగింది. లెక్క తప్పలేదు లెండి, ఇల్లే అడ్డు వచ్చింది. పరిహారం సంగతంటారా, 1978లో అణు రియాక్టరుతో తన నేలపై కూలిన సోవియట్ ఉపగ్రహం కాస్మాస్ 954 శిథిలాలను ఏరుకున్న కెనడా 60 లక్షల కెనడా డాలర్లు అడిగితే, సోవియట్ యూనియన్ 30 లక్షలు ఇచ్చింది.

చేతకాక చేయడం లేదంటే ఊరుకుందును. దిగే దారిలోనే కాలిపోయేలా, 1,668 డిగ్రీల దాకా కరగని టైటానియం ఇంధన ట్యాంకుకు బదులు 660 డిగ్రీలకే కరిగే అల్యూమినియం ట్యాంకు పెట్టవచ్చు. గురిచూసి సముద్రంలోకి దించడానికి రూపొందించని మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహాన్ని సైతం ఇస్రో మిగిలిన ఇంధనంతోనే 2023 మార్చి 7న పసిఫిక్ మీదికి దించింది. మరి తక్కినవారిని దిగేటందుకు కాస్త ఇంధనం దాచుకోమంటే బరువంటారు, ఖర్చంటారు, ఆ పైన నీ వెనుక దాక్కుంటారు. వారికి సిగ్గు లేదు, నీకైనా ఉండవద్దా?

ఇకమీదట నీ అనుమతి ఒక్కో వస్తువుకు కాక, ఒక సంస్థ ఏడాది పొడవునా కూల్చే వస్తువులన్నిటికీ కలిపి ఒక్కటిగానే చెల్లుతుందని చెప్పు. అంతవరకు నీకు ‘గారు’ కూడా దండగ.

ఇట్లు,
నీ లవంలో ఉన్నాడో, హారంలో ఉన్నాడో ఇంకా తేలని భూవాసి