ఎర్ర ఫిల్టర్ వేస్తే డిజైన్ పని అయిపోయినట్టేనా?

ఒకటే మెసేజ్ గ్రూపు తర్వాత గ్రూపులో చక్కర్లు కొడుతోంది. "స్మార్ట్‌వాచ్‌లో నైట్ మోడ్ (రాత్రిపూట తెరనంతా ఎర్రగా మార్చే సదుపాయం) వచ్చాక యాప్‌లు చేసేవాళ్లు రంగుల గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు" అని దాని సారాంశం. కారణాలు ఐదు చెప్పారు. రంగులన్నీ సిస్టమే మార్చేస్తుందట. డార్క్ థీమ్ ఉంటే ఇక చూడాల్సిందేమీ లేదట. ఎరుపు కాంతి కంటికి అసలు తగలదు కాబట్టి బ్రైట్‌నెస్ ఎంతైనా పెట్టుకోవచ్చట. హెచ్చరికలు ఎలాగూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రాత్రి ఇంకా బాగా కనిపిస్తాయట. పైగా బ్యాటరీ మిగులుతుందట. రుజువుగా ఒక స్క్రీన్‌షాట్ కూడా పెట్టారు. దీన్ని పంపుతున్నవాళ్లలో యాప్‌లు రాయడమే వృత్తిగా ఉన్నవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండేది అందుకే.

ముందు ఆ స్క్రీన్‌షాట్ సంగతి. ఇలాంటి ఫిల్టర్ చాలా పరికరాల్లో బొమ్మ తయారయ్యాక, తెరకు వెళ్లే చివరి దశలో పడుతుంది. ఫోన్‌లో నైట్ లైట్ ఆన్ చేసి స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌లో చూడండి, మామూలు రంగులే కనిపిస్తాయి. అంటే అది రాత్రి తెర ఎలా ఉంటుందో చూపించే రుజువే కాదు.

డార్క్ థీమ్ వాదనకు రెండు ముక్కలు చాలు. డార్క్ థీమ్ మార్చేది నేపథ్యాన్ని. నైట్ మోడ్ మార్చేది రంగుల మధ్య తేడాని. ఒకటి ఉంది కదా అని రెండోది చూడక్కర్లేదు అనడానికి వీల్లేదు.

ఇక అసలు ప్రమాదం నాలుగో వాదనలో ఉంది. "హెచ్చరిక ఎరుపే కదా, ఎర్ర తెర మీద ఇంకా బాగా కనిపిస్తుంది" అని రాసినవాళ్లు ఒక్కసారైనా అలాంటి తెరను చూసి రాశారా? రక్తంలో చక్కెర చూపించే యాప్‌నే తీసుకోండి. అంకె 70 కంటే తగ్గితే ఎర్ర పెట్టె వస్తుంది, అందులో తెల్లటి అక్షరాలతో 62 అని ఉంటుంది. చాలామంది డిజైనర్లు చేసేది ఇలాగే. తెర మీది ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్ల కలయిక, ఒక్కోదాని విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఇప్పుడు ఎరుపు ఛానెల్‌ని మాత్రమే ఉంచే ఫిల్టర్ వేయండి. తెలుపులో ఎరుపు 255, పెట్టె రంగులోనూ ఎరుపు 255. రెండూ ఒకటే అయిపోతాయి. 62 మాయమై ఖాళీ ఎర్ర పెట్టె మిగులుతుంది. పసుపులోనూ ఎరుపు 255 ఉంటుంది కాబట్టి "చక్కెర ఎక్కువైంది" అని చెప్పే పసుపు పెట్టెకూ దీనికీ తేడా ఉండదు. అంతా బాగుంది అని చెప్పే ఆకుపచ్చ గీత నల్లటి నేపథ్యంలో కలిసిపోతుంది. అర్ధరాత్రి చెమటలు పట్టి లేచిన మనిషి మణికట్టు చూసుకుంటే, తినాలో ఇన్సులిన్ వేసుకోవాలో చెప్పాల్సిన తెర ఏమీ చెప్పదు.

ఫిల్టర్లన్నీ అలా పనిచేయవు అంటారేమో. నిజమే, కొన్ని ముందు ప్రతి రంగు వెలుగునూ లెక్కగట్టి, ఆ వెలుగునే ఎరుపు ఛాయల్లో చూపిస్తాయి. అప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. మామూలు తెర మీద వెలుగు లెక్కలో ఆకుపచ్చ వాటా 72 శాతం, ఎరుపు వాటా 21 శాతం, నీలం వాటా 7 శాతం. అంటే క్షేమం అని చెప్పే ఆకుపచ్చ మెరుస్తుంది, ప్రమాదం అని చెప్పే ఎరుపు మసకబారుతుంది. నలుపు మీద రాసిన ఎర్ర అక్షరాలు ఇలా మారాక లెక్క కడితే కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) 2:1 కూడా రాదు. మామూలు అక్షరాలకు 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. రంగు ఒక్కదాని మీదే సమాచారం ఆధారపడకూడదనీ అవే చెబుతున్నాయి. పాటించి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. బాణం గుర్తు, "తక్కువ" అన్న మాట, వేరుగా గుర్తుపట్టగలిగే వైబ్రేషన్, అంకె చుట్టూ నల్లటి అంచు: వీటిలో ఏదీ కష్టమైన పని కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మనుషులకు పగలు కూడా ఇవే ఆధారం.

ఇది కొత్తగా కనిపెట్టిన సమస్యా కాదు. కాక్‌పిట్‌లో ఎర్ర దీపాలు వాడిన రోజుల నుంచి పైలట్లకు ఇది తెలుసు. కాగితం మ్యాపు మీద ఎర్రగా గీసినవి ఎర్ర దీపం కింద కనపడవు. విమానయానం ఎప్పుడో నేర్చుకున్న పాఠాన్ని మనం "డెవలపర్ ఏమీ చేయనక్కర్లేదు" అని కొట్టిపారేస్తున్నాం.

"సిస్టమే చూసుకుంటుంది" అన్న మాటకొస్తే, ఏ సిస్టమ్? 2022లో యాపిల్ వాచ్ అల్ట్రా వచ్చినప్పుడు నైట్ మోడ్ వేఫైండర్ అనే వాచ్ ఫేస్‌కు (టైమ్ చూపించే ముఖ్య తెరకు) ఇచ్చిన సదుపాయం. గార్మిన్ వాచ్‌ల్లో ఇలాంటిదే అయిన రెడ్ షిఫ్ట్‌లో ఎరుపే కాదు, ఆకుపచ్చ, నారింజ ఛాయలు కూడా ఎంచుకోవచ్చు. ఎరుపుకు సరిపోయేలా చేసిన తెర ఆకుపచ్చలో సరిపోతుందన్న హామీ ఏముంది? ఒకచోట ఫేస్ మాత్రమే మారి, యాప్ తెరవగానే తెల్లటి వెలుగు కళ్లలో కొడితే, అంతసేపూ చీకటికి అలవాటు పడిన కన్ను మళ్లీ మొదటికొస్తుంది. పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది మరి.

బ్రైట్‌నెస్ ఎంతైనా పెట్టుకోవచ్చట! చీకట్లో చూపునిచ్చే రాడ్ కణాలు 500 నానోమీటర్ల దగ్గరి కాంతికి ఎక్కువ స్పందిస్తాయి, ఎరుపుకు చాలా తక్కువ. తక్కువ అంటే సున్నా కాదు. ఎర్ర కాంతిని తగినంత పెంచితే రాత్రి చూపు దెబ్బతింటుంది. ఎరుపూ, తక్కువ వెలుగూ రెండూ కలిస్తేనే లాభం.

బ్యాటరీ విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్లతో ఏకీభవిస్తాను. ఓఎల్ఈడీ తెరల్లో ప్రతి రంగు చుక్కా విడిగా వెలుగుతుంది. నీలం చుక్కలకు కరెంటు ఎక్కువ కావాలి. నీలం, ఆకుపచ్చ రెండూ ఆపేస్తే ఖర్చు తగ్గడం ఖాయం. చీకట్లో బ్యాక్‌లైట్ మీద ఆధారపడే తెరలకు ఇది వర్తించదు, అక్కడ పిక్సెల్ రంగు మారినా లైటు ఖర్చు అలాగే ఉంటుంది. కానీ ఓఎల్ఈడీ వరకు వాళ్లు చెప్పింది సరైనదే.

ఆ లాభానికి కూడా డిజైనర్ ఒక మూల్యం లెక్కేసుకోవాలి. పెన్‌టైల్ అనే రంగు చుక్కల అమరిక ఉన్న ఓఎల్ఈడీల్లో ఎర్ర చుక్కలు ఆకుపచ్చ చుక్కల్లో సగమే ఉంటాయి. ఎరుపు ఒక్కటే వెలిగితే సన్నటి అక్షరాల అంచులు రంపంలా కనిపిస్తాయి. సన్నటి ఫాంట్ వదిలేసి ఒక మెట్టు మందంగా ఉన్నది వాడండి, చిన్న అంకెల్ని పెద్దవి చేయండి. తర్వాత అసలు వాచ్‌ని చేతికి పెట్టుకుని, లైట్లు ఆపేసి, యాప్‌లోని ప్రతి హెచ్చరికనూ ఒక్కొక్కటిగా రప్పించి చూడండి. ఏ తెర చదవలేకపోయారో ఆ తెరను మార్చే దాకా యాప్ విడుదల చేయకండి.