అప్పడాల కర్ర తగిలితే పిజ్జా కాదా?

మా వదిన కొత్తగా కొన్న ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ని, మూడు వారాలు తిరక్కుండానే అటకెక్కించేసింది. ఎందుకని అడిగితే ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపించింది. అది నాకూ మూడు గ్రూపుల్లో వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. "ఇంట్లో ఇటాలియన్ థిన్ క్రస్ట్ పిజ్జా చేద్దామనుకుంటున్నారా? డబ్బులు దండగ" అని మొదలవుతుంది. సారాంశం ఇదీ: కట్టెల బట్టీలో 450 డిగ్రీల వేడి ఉండాలి, ఇంటి ఓవెన్లో వచ్చేది ఒట్టి రొట్టె. పిండిని చేత్తోనే సాగదీయాలి, కర్ర తగిలిందా అది చపాతీయే. డబుల్ జీరో అనే ఇటలీ గోధుమ పిండి తప్ప మైదా పనికిరాదు. ఈస్ట్ దండిగా వేసి గంటలో పొంగించాలి. సాస్ గంటసేపు మరిగించాలి. చీజ్ అంటే ఇటలీ గేదెపాల మొజరెల్లాయే.

ఇష్టంగా ఓవెన్ కొనుక్కున్న మనిషి చేత దాన్ని మూలన పెట్టించిన మెసేజ్ ఇది. అందుకే ఒక్కో మాటా తీసి చూద్దామనిపించింది. చూస్తే అసలు పొరపాటు ఒక్కటే, మిగతావాటిలో చాలావరకు దాని పిల్లలే. ఇది రాసినవాళ్లు ఇటలీలోని నేపుల్స్ ఊరి పిజ్జా నియమాలు కొన్ని పట్టుకొచ్చి రోమ్ పిజ్జా నెత్తిన రుద్దారు.

నేపుల్స్ పిజ్జా కరకరలాడదు. మధ్యలో పల్చగానే ఉంటుంది కానీ మెత్తగా, సాగుతూ ఉంటుంది. అంచు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున బుస్సున పొంగుతుంది. దాన్ని నాలుగు మడతలు వేసుకుని వీధిలో నిలబడి తినేస్తారు. యూరోపియన్ యూనియన్ 2010లో ఆ పిజ్జాకి సంప్రదాయ వంటకంగా గుర్తింపు ఇచ్చినప్పుడు కూడా మెత్తగా ఉండాలి, సాగాలి, మడత పడాలి అనే లక్షణాలే రాసుకున్నారు. అక్కడి పిజ్జా చేసేవాళ్ల కళని 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. గొప్ప పిజ్జా, సందేహం లేదు. కానీ మనం థిన్ క్రస్ట్ అని పిలుచుకునేది అది కాదు.

మనం అడిగేది రోమ్‌ది. అక్కడ దాన్ని తోండా అంటారు, గుండ్రటిది అని. అంచు దాకా ఒకే పల్చదనం. కొరికితే వచ్చే చప్పుడుని పట్టుకుని రోమ్ వాళ్లు దానికి స్క్రొక్కియరెల్లా అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. పిండిలో కాస్త నూనె కలుపుతారు. ఇక అసలు సంగతి: దాన్ని కర్రతోనే వత్తుతారు. ఆ కర్ర పేరు మత్తరెల్లో. మన అప్పడాల కర్రకి పెద్దన్న.

కర్రకి అభ్యంతరం చెప్పేది నేపుల్స్ నియమావళి, దానికి సరైన కారణమే ఉంది. పులిసిన ముద్దలోని గాలిని వేళ్లతో మధ్య నుంచి అంచులకి నెడితేనే ఆ బుస్సుమనే అంచు వస్తుంది. కర్ర ఆ గాలిని తీసేస్తుంది. రోమ్ పిజ్జాకి కావలసింది సరిగ్గా అదే, గాలి పోవాలి, అంచు పొంగకూడదు. కాబట్టి రోజూ పుల్కాలు వత్తే చేతులకి ఈ పిజ్జా నేర్పాల్సిన పనేం లేదు. వత్తాక మధ్యలో ఫోర్కుతో నాలుగు పోట్లు పొడవండి, బుడగలు లేవవు.

ఇక వేడి సంగతి. ఇంటి ఓవెన్‌తో కుదరదన్న మాటని ఎక్కువమంది నమ్మింది ఇక్కడే.

430 డిగ్రీలు దాటిన బట్టీలో నేపుల్స్ పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది. ఆ కాస్త సమయంలో లోపలి నీరు బయటికి పోయే వ్యవధే ఉండదు, పైన మచ్చలు పడతాయి, లోపల మెత్తగా ఉండిపోతుంది. కరకరలాడాలంటే నీరు పోవాలి. నీరు పోవాలంటే టైం పట్టాలి. టైం పట్టాలంటే వేడి కాస్త తక్కువే ఉండాలి. అందుకే రోమ్ పిజ్జాని నేపుల్స్ కంటే తక్కువ వేడి మీద ఎక్కువసేపు కాలుస్తారు. ఇటలీ ఇళ్లలో అయితే తరతరాలుగా మామూలు ఓవెన్లోనే, తెల్యా అనే పళ్లెంలో పిజ్జా చేసుకుంటున్నారు. ఇంటింటా బట్టీ కట్టుకోలేదు.

ఓటీజీలో లోపం పై వేడిది కాదు, అడుగుది. నా మొదటి పిజ్జా నాకింకా గుర్తుంది. ఓవెన్‌తో వచ్చిన పల్చటి ట్రేలో పిండి పరిచి, అన్నీ వేసి, 250 డిగ్రీల్లో పెట్టాను. పది నిమిషాలకి పైన చీజ్ ఎర్రగా మాడు వాసన వచ్చింది. తీసి అడుగు చూస్తే తెల్లగా, తడిగా, సగం కాలిన పుల్కాలా వేలాడింది. చల్లటి పల్చటి రేకు పిండికి ఏం వేడి ఇస్తుంది? బట్టీలో పిజ్జాని కాల్చేది మంట ఒక్కటే కాదు, గంటలకొద్దీ కాగిన రాతి అరుగు కూడా.

ఆ అరుగు మన వంటింట్లోనే ఉంది: మందపాటి ఇనప దోసె పెనం. చెక్క పిడి గానీ ప్లాస్టిక్ పిడి గానీ లేనిది చూసుకోండి. నాన్‌స్టిక్ మాత్రం వద్దు, ఖాళీగా అంత వేడిలో పెడితే ఆ పూత పాడై పొగలొస్తాయి. పెనాన్ని ఓవెన్లో పెట్టి, పైనా కిందా కడ్డీలు రెండూ వేసి, 250లో 40 నిమిషాలు కాగనివ్వండి. పిజ్జాని బొంబాయి రవ్వ చల్లిన పల్చటి చెక్క మీద సిద్ధం చేసుకుని, ఒక్క కుదుపుతో పెనం మీదకి జార్చండి. సుయ్‌మని చప్పుడు రావాలి, దోసె వేసినప్పటిలాగే. రాకపోతే పెనం ఇంకా కాగలేదన్నమాట. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. అట్లకాడతో అంచు ఎత్తి చూస్తే అడుగున గోధుమరంగు మచ్చలు కనపడాలి, అట్లకాడ మీద ముక్క వంగకుండా నిలబడాలి.

ఓటీజీ చిన్నదై పెనం పట్టకపోతే? గ్యాస్ మీద పెనం బాగా కాల్చి పిజ్జా అడుగుని అక్కడే కాల్చుకోండి. ఆ తర్వాత ఓవెన్లో పై కడ్డీ కింద మూడు నాలుగు నిమిషాలు పెడితే చాలు.

నేపుల్స్ పిజ్జాయే కావాలంటే మెసేజ్ చెప్పింది ఒప్పుకుంటాను, మామూలు ఓటీజీలో అది రాదు. రాదని తెలిసి వదిలేయడమే మంచిది.

డబుల్ జీరో విషయానికొస్తే, ఆ సున్నాలకి పిండి బలంతో, అంటే ప్రొటీన్‌తో, సంబంధం లేదు. ఇటలీ చట్టంలో అది పిండి ఎంత శుద్ధి చేశారన్నదానికి గుర్తు. తవుడు ఎంత పోయిందో కొలవడానికి పిండిని కాల్చి మిగిలే బూడిద చూస్తారు, డబుల్ జీరోలో అది 0.55 శాతం మించకూడదు. సింగిల్ జీరోకి 0.65. చట్టం డబుల్ జీరోకి అడిగే కనీస ప్రొటీన్ 9 శాతమే. కేకులకి వాడే బలహీనమైన డబుల్ జీరో ఉంది, పిజ్జాకి వాడే గట్టిదీ ఉంది. మన మైదా ప్యాకెట్ వెనక చూడండి, చాలావాటి మీద నూటికి 10, 11 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. కర్రతో వత్తే పల్చటి పిజ్జాకి అది చాలు. పైగా బట్టీల కోసం చేసిన డబుల్ జీరో 250 డిగ్రీల్లో ఓ పట్టాన రంగు తిరగదు. వెయ్యి రూపాయల పిండి తెచ్చి, పాలిపోయిన పిజ్జా చూసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఈస్ట్ మాట మాత్రం నాకు కోపం తెప్పించింది. మిగతావి అందని కోరికలు, ఇది వంటని నిజంగా చెడగొట్టే సలహా. పైగా దీనికి నేపుల్స్ నియమం కూడా అడ్డమే. 2010 నాటి ఆ యూరోపియన్ పత్రంలో 1.8 కిలోల పిండికి రాసిన తాజా ఈస్ట్ ఎంతో తెలుసా? 3 గ్రాములు. చెంచాలకి చెంచాలు వేసి గంటలో పొంగిస్తే ఈస్ట్ కంపు కొడుతుంది. పిండి సరిగా నానదు, వత్తుతుంటే రబ్బరులా వెనక్కి లాగేస్తుంది. దోసెల పిండి గంటలో పులియాలని మనలో ఎవరైనా అంటారా? రాత్రంతా ఎందుకు వదిలేస్తామో మనకి తెలుసు, రుచి అక్కడే పుడుతుంది.

మూడు చిన్న పిజ్జాలకి నా కొలత ఇది: మైదా 250 గ్రాములు, చల్లటి నీళ్లు 140, ఉప్పు 6, నూనె 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ అర గ్రాము, అంటే టీస్పూన్‌లో ఆరో వంతు. రంగు కోసం చిటికెడు పంచదార. పూరీ పిండి కంటే కాస్త మెత్తగా పదినిమిషాలు పిసికి, మూత పెట్టి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. మే నెల ఎండల్లో అయితే కలపగానే ఫ్రిజ్‌లోకి తోసేయాలి. మర్నాడు మూడు ముద్దలు చేసి, రెండు గంటలు బయట మూతేసి ఉంచాక వత్తండి. ఒక్కో ముద్ద 25 సెంటీమీటర్ల వెడల్పుకి హాయిగా వస్తుంది. వెనక్కి లాగితే పోట్లాడకండి, పది నిమిషాలు వదిలేస్తే అదే లొంగుతుంది.

సాస్ మరిగించక్కర్లేదు. నేపుల్స్‌లోనే మార్గరీటా అనే పిజ్జాకి తొక్క తీసిన టమాటాల్ని పచ్చిగా చిదిమి వేస్తారు, అది ఓవెన్లో ఉడుకుతుంది. మనకి బెంగళూరు టమాటాలు నయం, కండ ఎక్కువ. నాటువి పులుపు, రసం. వేడినీళ్లలో వేసి తొక్క తీసి, గింజలు దులిపి, చేత్తో నలిపి జల్లెడలో పావుగంట వదలండి. ఉప్పు, కాస్త నూనె, అంతే. ఒక పిజ్జాకి మూడు చెంచాలకి మించి వద్దు.

చీజ్ గురించి చెప్పాల్సింది ఇంకా తక్కువ. ఇటలీలో ఎక్కువ పిజ్జాల మీద పడేది ఆవుపాల మొజరెల్లా, ఫియోర్ ది లాత్తె అంటారు. గేదెపాలది ఇంటి ఓవెన్‌కి అసలు పొసగదు, ఎనిమిది నిమిషాల్లో నీరంతా వదిలి పిజ్జాని చెరువు చేస్తుంది. మన దుకాణాల్లో దొరికే తడి తక్కువ మొజరెల్లాయే ఈ పనికి తగినది.

పోయిన ఆదివారం వదిన ఓటీజీని అటక మీంచి నేనే దింపాను. పెనం ఆమెదే, పెళ్లప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మొదటి పిజ్జాని జార్చేటప్పుడు చెయ్యి వణికి అది సగం పెనం మీద, సగం బయట పడింది. రెండోది గుండ్రంగా దిగింది. వదిన అట్లకాడతో అంచు ఎత్తి, అడుగున మచ్చలు చూసి, నన్ను పిలవకుండానే మూడో ముద్ద వత్తడం మొదలుపెట్టింది.